మాట గుండీ, మేళం గుండీ

పెండ్లిలో పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అని చెయ్యి ఊపే వేళకు నేను పందిట్లో ఉండను. చెప్పులు వెతుక్కుంటూ బయటికి వచ్చేస్తాను. సొంత ఇంటి పెండ్లిళ్లలో కూడా అంతే. "ఈయనకు అక్షింతలు వేసే యోగం లేదు" అని నా భార్య బంధువుల ముందు నవ్వుతూనే అంటుంది గానీ, ఆ మాటలో విసుగుంటుంది. కారణం ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో కాగితం ముందు కూర్చుని కూడా దాచుకోవడం నా వల్ల కావడం లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

గట్టిమేళం ఎందుకో అందరికీ తెలిసిందే. తాళి కట్టే క్షణంలో ఎవరైనా తుమ్మినా, చెడ్డమాట ఏదైనా చెవిన పడినా అశుభమని డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా హోరెత్తిస్తారు. చెడు వినబడకుండా చేస్తే చెడు లేనట్టేనని మనవాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని బడిలోకి తెచ్చి వాడినవాణ్ణి నేను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఆదోనిలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. నాకు ముప్పై నిండలేదు గానీ కోపం మాత్రం అరవై ఏళ్లవాడికి సరిపోయేంత ఉండేది. బడి వెనకే పత్తి గింజలు తీసే మిల్లు. పత్తి వచ్చే కాలంలో దూది పింజలు కిటికీల్లోంచి ఎగిరివచ్చి నల్లబల్ల మీదా పిల్లల తలల మీదా వాలేవి. మిల్లు రొద సరేసరి. నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, ఎనభైమంది పిల్లలు. ఆ రొదలో వెనక బెంచీ దాకా వినబడేట్టు పాఠం చెప్పగలిగినవాడు మా బడి మొత్తానికి ఒక్కడే, తెలుగు అయ్యవారు.

ఆయనది ఎమ్మిగనూరు. సోమవారం పొద్దున బస్సులో వచ్చి, శనివారం మధ్యాహ్నం బస్సులో ఇంటికి పోయేవాడు. మగ్గాల వీధిలో పుట్టి పెరిగిన మనిషి. చుట్టూ మగ్గాలు ఆడుతుంటే అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందేనని, తన గొంతు అట్లా తయారైందని చెప్పేవాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే మిల్లు గేటు దగ్గర బండ్లవాళ్లు ఎద్దుల్ని ఆపి వినేవాళ్లు. పక్క గదిలో నేను గాలి పీడనం గురించి గొంతు చించుకుంటుంటే, నా ముందున్న పిల్లలు గోడవతలి పద్యానికి పెదవులు కదిపేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే అది అసూయ.

ఆ గొంతు పోవడం మొదలైంది. మొదట బొంగురు, తర్వాత దగ్గు. మిరియాల కషాయం అయింది, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం అయింది, ఆయన భార్య మంత్రాలయం పోయి మొక్కుకుని రావడమూ అయింది. "ఏనుగు పండుకున్నా గుర్రమంత ఎత్తంటారు గదప్పా, ఈ మిగిలిన గొంతు సాలదా నాలుగో ఫారానికి?" అని నవ్వేవాడు. చాలలేదు. వెనక బెంచీల్లో మొదట గుసగుసలు, తర్వాత ఆటలు. హెడ్మాస్టరు ఒకరోజు ఆయన్ను పిలిచి, రిటైరయ్యే దాకా క్లాసులు మానేసి ఆఫీసులో రిజిస్టర్లు చూసుకొమ్మన్నాడు. హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ సాయంత్రం అయ్యవారు నా ల్యాబు గదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆఫీసులో కుర్చీ ఏసి కూసోబెడితే నేను బతికినట్టు కాదప్పా" అన్నాడు. "నువ్వు సైన్సు సదివినోడివి. ఏమన్నా సెయ్యి."

అంతదాకా ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగడు. మైకు సంగతి ఎత్తింది నేనే.

బడి కమిటీలో ఒక పత్తి సావుకారి ఉండేవాడు. కూతురి పెండ్లికని మద్రాసు నుంచి మైకు సెట్టు తెప్పించుకున్నాడు. పెండ్లయ్యాక అది వాళ్ల గోడౌన్లో పత్తి బోరాల మధ్య పడి ఉంది. నేను పోయి అడిగాను. ఇస్తానన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు.

"వట్టి మాటలు ఇనేకి కాదప్పా ఆ పెట్టె. అది పెండ్లికి వచ్చిన పెట్టె. ఎనక సన్నగా నాదస్వరం నడస్తానే ఉండాల. మంగళవాద్యం లేకుండా దాన్ని ముట్టుకోవద్దు."

పద్యం చెప్పేటప్పుడు వెనక నాదస్వరం ఏమిటండీ, పాఠమా పెండ్లా అని నేను వాదించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. బడికి వచ్చి చెబితే హెడ్మాస్టరు తలూపాడు. పళ్లు కొరుక్కుంటూ నేనూ తలూపాను.

ఆ సెట్టు ఒక బరువైన ఇనుప పెట్టె. ముందువైపు రెండు తిప్పే గుండీలు, ఒకటి మైకుకు, ఒకటి గ్రామఫోను ప్లేటుకు. సుద్దముక్కతో ఒకదాని కింద 'మాట' అని, రెండోదాని కింద 'మేళం' అని రాసుకున్నాను. స్పీకరును చెక్కపెట్టెలో బిగించి నాలుగో ఫారం గోడకు కొట్టించాను. మొదటిరోజు అయ్యవారు క్లాసులోనే మైకు ముందు నిలబడి నోరు తెరిచేసరికి స్పీకరు కీచుమని కూత పెట్టింది. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ స్పీకరులోకి వచ్చి, అట్లా తిరుగుతూ పెరిగిపోతుంది. రెండూ ఒకే గదిలో ఉంటే దాన్ని ఆపడం నా తరం కాలేదు. పిల్లలు చెవులు మూసుకుని పడీపడీ నవ్వారు.

అందుకని మైకును రెండు గదులవతల దేశపటాలు పెట్టే గదికి మార్చాను. తీగ లాగి, అయ్యవారిని అక్కడ కుర్చీలో కూర్చోబెట్టాను. ఇనుప పెట్టె, గ్రామఫోను మాత్రం క్లాసు బయట వరండాలో, కిటికీ పక్కన నా దగ్గర. లోపల ఎట్లా వినబడుతోందో విని గుండీలు సర్దాలంటే నేను అక్కడే ఉండాలి. పిల్లలు నాకు కనబడతారు, అయ్యవారు కనబడడు. ఆయనకు ఎవరూ కనబడరు.

"పిల్లోళ్ల మొగాలు సూడకుండా పాఠమెట్ల సెప్పేదప్పా? గోడకు సెప్పినట్టుంది" అన్నాడు.

"రిజిస్టర్లకు చెప్పడం కంటే గోడే మేలు గదా" అన్నాను నేను. నా నోటి దురుసు అట్లాంటిది. ఆయన ఏమీ అనుకోలేదు.

నాకు మూడో పీరియడు ఖాళీ. రోజూ ఆ గంట వరండాలో పెట్టె ముందు కూర్చునేవాణ్ణి. రెండు శబ్దాలను కలపడమంటే పాలలో నీళ్లు కలిపినంత తేలికనుకున్నాను. కాదు. ఎంత తగ్గించినా నాదస్వరం బొంగురు గొంతును తినేస్తుంది. మేళం గుండీ పక్కన నేను గీసుకున్న సుద్ద గీతకు ఇవతల ఉంచితే, మేళం వినబడలేదని పిల్లల నోట విని సావుకారి కబురు చేస్తాడు. గీత దాటితే పద్యం మునిగిపోతుంది. ప్లేటు మూడు నిమిషాలకల్లా అయిపోతుంది. ముల్లు ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టాలి. పద్యం నడిచేటప్పుడు మేళాన్ని పూర్తిగా వెనక్కి లాగి, ఆయన ఊపిరి తీసుకునే చోట రవ్వంత ముందుకు వదిలి, మళ్లీ మాట మొదలయ్యే లోపల లాగెయ్యాలి. వారం తిరిగేసరికి నా చెయ్యి కుదిరింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మైకు ముందు అరవక్కర్లేదు. అయ్యవారు గుసగుసగా చెప్పినా ఎనభైమందికీ పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు వినబడేది. అంత పెద్ద గొంతు మనిషి గుసగుస ఎట్లా ఉంటుందో అదివరకు ఎవరు విన్నారు? పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. గంట కొట్టాక లేచి ఆ చెక్కపెట్టెకు నమస్కారం పెట్టి పోయేవాళ్లు. ఆ మాట చెబితే ఆయన కండ్లొత్తుకున్నాడు. హెడ్మాస్టరు మళ్లీ రిజిస్టర్ల మాట ఎత్తలేదు.

అంతా బాగుందనుకుంటుండగా దగ్గు ఎక్కువైంది. మామూలు దగ్గు వేరు, మైకులో దగ్గు వేరు. స్పీకరులోంచి అది గది అదిరేట్టు వచ్చేది. పిల్లలు నవ్వేవాళ్లు. తర్వాత్తర్వాత, క్లాసు లేనప్పుడు కూడా ఆ దగ్గును అనుకరించి ఆడుకోవడం మొదలుపెట్టారు. ఇద్దర్ని పట్టుకుని వీపులు పగలగొట్టాను. ప్రయోజనం లేదు.

ఒకరోజు సావుకారి తన పెట్టె ఎట్లా పనిచేస్తోందో చూద్దామని వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అదే సమయానికి అయ్యవారికి దగ్గు తెర వచ్చింది. సావుకారి మొహం మాడ్చుకున్నాడు.

"అపశకునం. మా పెండ్లిలో ఎవరో తుమ్మబోతే ఏం జేస్తిమి? గట్టిమేళం కొట్టిస్తిమి. నీ సేతిలో రెండు గుండీలు ఉండాయి గదప్పా. ఆయప్ప దగ్గుతానే అది తగ్గించు, ఇది పెంచు."

ఈసారి నేను పళ్లు కొరకలేదు. నాకు ఆ ఉపాయం నచ్చింది. పిల్లలు నవ్వరు, ఆయన పరువు నిలుస్తుంది. ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. దగ్గు రాగానే మాట గుండీ కిందికి, మేళం గుండీ పైకి. మొదట్లో సగం దగ్గు లోపలికి పోయాక గాని నా చెయ్యి కదిలేది కాదు. తర్వాత కనిపెట్టాను. దగ్గు వచ్చేముందు ఆయన ముక్కుతో చిన్నగా ఒక ఎగశ్వాస తీసేవాడు. అది పట్టుకుంటే చాలు. ఎగశ్వాస వినబడగానే తిప్పేస్తే ఒక్క దగ్గు కూడా క్లాసులోకి పోదు. పోనివ్వలేదు కూడా. పటాల గదిలో ఆయన ఊపిరాడక గింజుకుంటుంటే క్లాసులో పిల్లలకు చక్కని నాదస్వరం వినబడేది.

"ఈ మధ్య నేను దగ్గితే పిల్లోళ్లు నగడం లేదే?" అని ఆయన ఒకసారి అడిగాడు.

"అలవాటు పడిపోయినారు లెండి" అన్నాను. మైకు తగ్గిస్తున్నానని చెబితే చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదు. పైగా నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. ఆ మురిపెమే నా కొంప ముంచింది.

ఎండలు ముదురుతుండగా బళ్లారి డాక్టరు ఆయన గొంతు చూసి వెంటనే మద్రాసు పొమ్మన్నాడు. అయ్యవారు మళ్లీ నా ల్యాబు స్టూలు మీద వచ్చి కూర్చున్నాడు.

"లోపల పుండంట. గొంతు తీసేస్తారంట. పానం ఉంటదంట, మాట ఉండదంట" అన్నాడు. బస్సు ఆలస్యమని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"శుక్రవారం కడాపటి పాఠం సెప్తా. శనివారం ఊరికి పోయి, ఆదివారం రైలు. అంతదాకా పిల్లోళ్లకు ఎవురూ ఏమీ సెప్పద్దండి. ఆ ఒక్క పాఠం మాత్రం సక్కగా వినబడేట్టు సూడప్పా. అది అయినాక నాకు నోరు లేదు."

"ఒక్క అక్షరం పోనివ్వను అయ్యవారూ" అన్నాను. మాట ఇచ్చాను. ఆ రోజు నేను ఇచ్చినంత గట్టిగా మాట ఎవరికీ ఇచ్చి ఉండను.

శుక్రవారం పొద్దున్నే వచ్చి తీగలు సరిచూశాను. కొత్త ముల్లు వేశాను. కబురు తెలిసి సావుకారి కూడా వచ్చాడు, నా పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. అయ్యవారు ఆ రోజు చెప్పిన పాఠం లాంటిది నేను మళ్లీ వినలేదు. నాలుగు పద్యాలు. ఒక్క దగ్గు రాలేదు. మేళాన్ని గీతకు ఇవతలే ఉంచాను, సావుకారి మోచేత్తో పొడిచినా కదపలేదు. చివరి పద్యానికి అర్థం చెప్పి ఆగాడు. గంటకు ఇంకా ఐదారు నిమిషాలుంది. స్పీకరులో కాసేపు ఏమీ లేదు. తర్వాత వినబడింది, ముక్కుతో చిన్నగా తీసిన ఎగశ్వాస.

నా చెయ్యి నన్ను అడగలేదు. మాట గుండీ కిందికి పోయింది, మేళం గుండీ పైకి వచ్చింది. అంత సమయానికి, అంత నున్నగా అదివరకు ఎప్పుడూ తిప్పలేదు. కడపటి పాఠంలో దగ్గు వినబడకుండా కాపాడానని ఎంత సంతోషమేసిందో. సావుకారి కండ్లు మూసుకుని తల ఆడిస్తున్నాడు. కాసేపయ్యాక మాట గుండీని రవ్వంత తెరిచి చూశాను. తడిగా ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఇంకా దగ్గుతూనే ఉన్నాడు పాపం అనుకుని మూసేశాను. ప్లేటు అయిపోతే ముల్లు మళ్లీ మొదట్లో పెట్టాను. గంట కొట్టారు. పిల్లలు లేచి చెక్కపెట్టెకు నమస్కారం పెట్టి, ఆ నాదస్వరాన్నే నోటితో ఊదుకుంటూ బయటికి వచ్చారు.

అయ్యవారు పటాల గదిలోంచి వచ్చాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. దగ్గి దగ్గి అట్లా అయ్యాయనుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అంతా వినబడెనా అప్పా?"

"ఒక్క అక్షరం పోలేదు అయ్యవారూ."

భుజం గట్టిగా నొక్కి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. నేను విన్న ఆయన చివరి మాట అదే.

రెండు నెలలకు ఎమ్మిగనూరు వెళ్లాను. మద్రాసు నుంచి వచ్చి నెలయిందని విన్నాను గానీ, పోవడానికి కాళ్లు రాలేదు. బస్సు దిగి అరడజను బత్తాయిలు కొనుక్కుని మగ్గాల వీధి అడిగి పోయాను. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. గొంతు దగ్గర తడిగుడ్డ కప్పి ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా అది కదులుతోంది. ఒళ్లో చిన్నపిల్లలు రాసుకునే పలక. నన్ను చూసి మొహం విప్పారింది. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి, మంత్రాలయం అక్షింతలు నా తల మీద కూడా నాలుగు వేసింది.

పలక మీద రాసి చూపించాడు: "పిల్లలు?"

బాగున్నారని చెప్పాను. పరీక్షల గురించి, మిల్లు గురించి, కొత్త తెలుగు సారు ముక్కుతో పద్యం చదవడం గురించి చెప్పాను. నవ్వబోతే గొంతు దగ్గర గుడ్డ ఎగిరిపడింది. పలక తుడిచి మళ్లీ రాశాడు.

"చివర నేను చెప్పుకున్న మాటలు విని ఏమన్నారు?"

రెండుసార్లు చదివాను. ఏ మాటలని నోటిదాకా వచ్చింది. అంతలో అర్థమైంది. ఆ ఎగశ్వాస దగ్గు కాదు. ఏడుపును మింగుకునే మనిషి కూడా అట్లాగే ఎగబీలుస్తాడు. ఐదారు నిమిషాల పాటు ఆయన ఆ గదిలో ఒంటరిగా, గోడకు కట్టిన దేశపటాల ముందు, మిగిలిన గొంతంతా పెట్టి ఆ ఎనభైమందికి ఏదో చెప్పుకున్నాడు. నేను దాని మీద గట్టిమేళం కొట్టించాను.

"ఏడ్చినారు అయ్యవారూ. అందరూ ఏడ్చినారు" అన్నాను.

ఆయన కండ్లు మూసుకుని తల ఊపాడు. ఎంత తృప్తిగా ఊపాడో చూసి నాకు అక్కడే భూమిలోకి కుంగిపోదామనిపించింది. తర్వాత భార్యను చెయ్యి ఊపి పిలిచాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆయన రాయడం, నాకు చూపించడం, తుడవడం, మళ్లీ రాయడం. పలక చిన్నది.

"అందులో కొన్ని మాటలు ఈమె గురించి."

"ఇంటికి వచ్చి ఈమెకే చెబుదామనుకున్నా. ధైర్యం చాలలేదు."

"ఇప్పుడు రాయబోతే రావడం లేదు. నువ్వు విన్నావు గదా. చెప్పు."

ఆమెకు చదువు రాదు. కానీ పలకలో ఏముందో ముందే తెలుసు.

"నెలాయె నాయనా" అంది ఆమె. "ఆదోని నుంచి సైన్సు సారు వస్తాడు, ఆయప్ప నోట ఇందువు గానీ అని సైగలు సేస్తా ఉండాడు. ఏమన్నెనప్పా నన్ను గురించి?"

ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నిజం చెప్పేస్తే? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ మాటలు తిరిగి చెప్పే గొంతు ఆయనకు లేదు. నేను చెప్పే నిజం ఆయన్ను రెండోసారి కోస్తుంది. తల వంచుకుని నోటికొచ్చింది చెప్పాను.

"మీరు చానా కష్టపడినారని చెప్పినాడమ్మా. మీరు లేకుంటే తాను లేనని చెప్పినాడు. పిల్లల్ని బాగా చదువుకోమన్నాడు."

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. తల ఎత్తితే అయ్యవారు నన్నే చూస్తున్నాడు. మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, విన్నవాడెవడో విననివాడెవడో మొహం చూసి తెలుసుకోలేడా? నేను ఆ చూపు తప్పించుకోలేకపోయాను.

ఆమె ఆయన వైపు తిరిగింది.

"అంతేనా?" అంది.

ఆయన పలక తీసుకుని, పంచె కొంగుతో నిదానంగా తుడిచాడు. పెద్ద అక్షరాలతో 'అంతే' అని రాసి, చదువు రాని భార్య వైపు తిప్పి పట్టుకుని, తల ఊపాడు.